మోకాలి అబద్ధం

దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో మా అబ్బా పనిచేసే గోడౌన్ వెనక, లారీలు తిప్పుకునే జాగాలో నేను బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాను. ఫిలిప్పీనో డ్రైవర్లు గోడకు ఇనుప రింగు బిగించుకుని శుక్రవారాలు ఆడేవాళ్లు. నేను మధ్యలో దూరేదాన్ని. "యల్లా, షూట్!" అని తొందరపెడుతూ అరిచేవాళ్లు.

ఏడో తరగతిలో స్కూల్ కోచ్ కంట్లో పడ్డాను. తల తిప్పకుండా ఎవరెక్కడున్నారో పసిగట్టడం ఆయన నేర్పిందే. కరోనాకి స్కూళ్లు మూసేసినప్పుడు నేను ఇంట్లో ఆడి వీడియోలు పంపితే, ఓపిగ్గా చూసి తప్పులు చెప్పేవాడు. అందుకే తర్వాత ఆయన మీద వచ్చిన కోపం ఇంకా ఆరలేదు.

పన్నెండో తరగతిలో, చెన్నై కాలేజీ కోచ్ ఒకాయన ఆడపిల్లల జట్టు కోసం ప్లేయర్లను ఏరుకోవడానికి మా స్కూలుకు వచ్చాడు. స్పోర్ట్స్ కోటాలో సీటు, హాస్టల్. మా వాళ్లలో ముగ్గురిని పిలిచారు. ముగ్గురూ బెంచీ మీద కూర్చునేవాళ్లే. జట్టు కెప్టెన్‌ని నేనే, నన్ను పిలవలేదు.

"నీ హైట్ చాలదన్నారమ్మా," అన్నాడు మా కోచ్. నమ్మాను. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

బయటికొస్తే కారిడార్‌లో ఆ చెన్నై ఆయనే ఎదురయ్యాడు. నెల్లూరు మనిషి. "మోకాలు ఎట్లా ఉందమ్మా? ఆపరేషన్ ఎప్పుడు?" అన్నాడు జాలిగా.

"ఎవరి మోకాలు సార్?"

"నీదే. లిగమెంట్ పోయిందని మీ కోచ్ చెప్పాడే."

ఒళ్లు మండిపోయింది. సెలెక్ట్ అయినవాళ్లు వెంటనే చెన్నై క్యాంపుకు పోవాలి. సరిగ్గా అప్పుడే మా స్కూలుకు కప్పు మ్యాచ్‌లు. అదీ సంగతి.

"రండి సార్, చూపిస్తా," అని ఆయన్ని కోర్టుకు లాక్కుపోయినంత పని చేశాను. యూనిఫారంలో, నల్ల స్కూల్ బూట్లతో పరిగెత్తాను, దూకాను, బుట్టలో వేశాను. ఆయన "చాలమ్మా, చాలు" అనేదాకా ఆపలేదు.

మా కోచ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఈ ఒక్క కప్పూ కొట్టాక నేనే పంపేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

"పంపడానికి నేను పార్సిల్‌నా? నా మోకాలి మీద అబద్ధం చెప్పడానికి నువ్వెవరు?" ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన అబ్బాకి చెప్పాను. నా పక్షాన అరుస్తాడనుకున్నాను. "ఆట నేర్పిన ఉస్తాద్‌తో అట్లనా మాట్లాడేది? పోయి మాఫీ అడుగు," అన్నాడు.

"ఆయన్నే నన్ను అడగమను."

సీటు వచ్చింది. స్కూల్లో అబ్బాని కూడా పిలిచి ఫోటో తీసేటప్పుడు కోచ్ నా భుజం మీద చెయ్యి వేసి, "నేను తయారుచేసిన పిల్ల" అన్నాడు. చెయ్యి విదిలించి పక్కకు వచ్చేశాను. ఫోటోలో అబ్బా, ఆయనా ఉన్నారు. నేను లేను.

ఇప్పుడు చెన్నైలో ఆడుతున్నాను. మొన్న సెలవులకు దుబాయ్ వెళ్తే, "ఒకసారి కలిసి రా, నేర్పినవాడు," అన్నాడు అబ్బా. పోలేదు. అబ్బా మిఠాయి డబ్బా పట్టుకుని ఒక్కడే పోయి కలిసొచ్చాడు. దానికీ నాకు కోపమే.