కప్పను గెంతించిన చప్పుడు

పాపకు రెండున్నరేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. టెక్కలిలో పిల్లల డాక్టరు విశాఖ తీసుకెళ్లి చెవుల పరీక్ష చేయించమన్నాడు. తిరిగొస్తూ స్కూటరు మీదే మా వారు "వచ్చే వారం వెళ్దాం" అన్నారు. నాకు వెళ్లాలని లేదు. పరీక్ష చేస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలనంత కాలం మాట వస్తుందనే అనుకోవచ్చు.

డిగ్రీలో నేను కంప్యూటర్లు చదివాను. మా ఇంటి పాత కంప్యూటరులో రోడ్డు దాటే కప్ప ఆట ఉండేది. బాణం మీట నొక్కితే కప్ప ఒక గెంతు ముందుకేస్తుంది. లారీ కింద పడితే మళ్లీ మొదటికొస్తుంది. కాశీబుగ్గ బజారులో ఒక మైకు కొన్నాను. మైకులో చప్పుడు పడగానే మీట నొక్కినట్టు ఆటను నమ్మించే చిన్న ప్రోగ్రాం రాశాను. పాప "ఆ" అంటే కప్ప గెంతాలి. ఆ గెంతు కోసమైనా గొంతు విప్పుతుందని ఆశ. ఎంత సన్నని శబ్దమైనా పట్టేలా మైకు పెట్టాను.

"పిల్లకి మాట నేర్పడానికి కప్పేటే? మనుసులం సచ్చిపోనామేటి?" అంది అత్త.

నేను నోరు పెద్దగా తెరిచి "ఆ" అని చూపించేదాన్ని. పాప నా పెదాల వంకే చూసేది. నాలుగో రోజు పొద్దున్న నేను మాట్లాడకుండా కూర్చున్నాను. కప్ప గెంతింది. పాప నోరు తెరిచింది. మళ్లీ గెంతింది, మళ్లీ తెరిచింది. నాకు వినబడనంత సన్నగా అంటోంది, మైకు పట్టేసింది అనుకుని ఏడ్చేశాను. ఏది ముందో ఏది వెనకో చూడలేదు.

"మరి విశాఖ?" అన్నారు మా వారు.

"మాట వస్తుంటే ఇప్పుడెందుకండీ?"

ఆయనకూ ఆ మాటే కావాలి. రెండు నెలలు గడిచిపోయాయి. రోజూ పొద్దున్న పాప ఒక చెయ్యి గోడకు ఆనించి ఆడుకునేది. "గోడకి బెల్లం రాసినావేటే? పిల్ల సెయ్యి తియ్యదు, సున్నమంతా రాలగొట్టేత్తంది" అని అత్త నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

కార్తీక సోమవారం పక్కింటి వదిన ఎండల మల్లన్న దర్శనానికి రావివలస వెళ్లింది. ఆ రోజు కప్ప కదల్లేదు. మైకు వైరు పీకి మళ్లీ పెట్టాను. నేను "ఆ" అంటే గెంతింది. పాప నోరు తెరిస్తే గెంతలేదు. మరోసారి తెరిచింది. ఆ నోట్లోంచి ఏమీ రావడం లేదు.

అప్పుడు వినబడింది నాకు, గోడ అవతల ఏ చప్పుడూ లేకపోవడం. వదిన రోజూ ఆ గోడ పక్కనే పది నుంచి భోజనాల వేళ దాకా కాలితో తొక్కే మిషను మీద జీడిపిక్కలు కోస్తుంది. టక్, ఆగి మళ్లీ టక్. జీడిపిక్కల పనిమీద బతికే ఈ ఊళ్లో పుట్టినవాళ్లం ఆ చప్పుడు ఎప్పుడో వినడం మానేశాం. ఇన్నాళ్లూ కప్పను దాటించింది వదిన కాలు. కప్ప గెంతినప్పుడల్లా పాప నాలాగా నోరు తెరిచిందంతే.

పాప గోడ మీద అరచెయ్యి పెట్టి అదురు కోసం కాసేపు చూసింది. తర్వాత వచ్చి అదే చేత్తో మైకు పక్కన బల్ల మీద గట్టిగా కొట్టింది. కప్ప గెంతింది. నా వైపు తిరిగి గట్టిగా నవ్వింది.

సాయంత్రం మా వారు చెప్పులు విప్పకముందే "రేపు పొద్దున్న బండికే విశాఖ వెళ్దాం" అన్నాను.

"కప్ప గెంతతంది గదే, ఇప్పుడేటొచ్చింది?" అంది అత్త.

"దాన్నేది గెంతిస్తోందో పాపకు తెలుసత్తా. నాకే తెలీలేదు."

అత్త దారికని చీకట్నే లేచి ఉప్మా వండింది.

పలాస స్టేషనులో పాపను నా పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టాను. అరచెయ్యి బెంచీకి ఆనించుకుని కూర్చుంది. ఈసారి నేను ఆ చేతినే చూస్తున్నాను. బండి చప్పుడు నా చెవిన పడేలోగానే పాప బెంచీ దిగి నా కొంగు పట్టుకుని లాగింది.