కొండ దిగినవాళ్ళు

ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, మొదట నాకు అక్షరాలు లేవు. చంద్రగిరి పక్కన మా పల్లెలో మా నాయన అన్నను బడికి పంపి, నన్ను శెనక్కాయల చేనికి పంపాడు. పెళ్ళయి తిరుపతికి వచ్చాక, మా వీధి మహిళా సంఘంలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే అక్కడ అ ఆలు దిద్దాను. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. మా అత్తగారికి చదవడం రాదు గాని, చదివి వినిపించే కొడుకు, అంటే మా ఆయన, ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆమె లేదు. నేను ఏం రాస్తున్నానో చూసే ఆసక్తి ఆయనకు ఎప్పుడూ లేదు. కాబట్టి రాస్తున్నాను.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు చుట్టాలు ఎక్కువ. వేరే ఊళ్ళలో పెళ్ళికో చావుకో వస్తారు. మాకు ఏడాది పొడుగునా వస్తారు. తలనీలాలని ఒకరు, పాత మొక్కు తీర్చాలని ఒకరు, ఊరికే స్వామిని చూసి చాలా కాలమైందని ఒకరు. కొండెక్కే ముందు మా ఇంట్లో స్నానాలు, భోజనాలు, దారిలో తినడానికి పులిహోర. ఆ రెండు గదుల ఇంటిని మా ఆయన "మా సత్రం" అని నవ్వుతూ చెప్పుకునేవాడు. సత్రంలో వంటమనిషికి జీతమన్నా ఉంటుంది. అయితే ఒక్క సుఖం ఉండేది. కొండ దిగాక ఎవరూ మా ఇంటికి తిరిగి వచ్చేవాళ్ళు కాదు. దర్శనం చేసుకుని ఇంకొకరి గడప తొక్కకూడదని, బస్టాండు నుంచే ఊరికి పోయేవాళ్ళు.

పాప పుట్టి మూడు నెలలు నిండకముందే మళ్ళీ కుట్టు మిషను దగ్గర కూర్చున్నాను. బజారులో ఒక బట్టల కొట్టువాళ్ళు కత్తిరించిన రవిక గుడ్డలు మూటగట్టి పంపితే, కుట్టి, హుక్కులు పెట్టి ఇవ్వాలి. బాలింత మిషను తొక్కితే పాలు ఎండిపోతాయని మా అత్తగారే అనేది. కొట్టు నుంచి మూట రావడం ఆలస్యమైతే ఎందుకు రాలేదని కూడా ఆమే అడిగేది.

పాప ఆ చప్పుడుకు అలవాటు పడింది. మిషను ఆగితే లేచి ఏడ్చేది. అందుకని చదువుకోవాలనుకున్నప్పుడు బెల్టు తీసేసి, ఉత్త పెడలు తొక్కుతూ, బల్ల మీద పుస్తకం పరుచుకునేదాన్ని. వంటింట్లో ఉన్న అత్తగారికి నేను కుడుతున్నట్టే వినిపించేది. అలా చదివినదాంట్లో సగం తలకెక్కేది కాదు. ఎక్కిన సగం రోటి దగ్గర ఊరుబిండి నూరుతూ మళ్ళీ చెప్పుకునేదాన్ని. ఒక్కోసారి పప్పు మాడేది. ఒక్కోసారి రవిక చేతులు రెండూ ఒకే పక్కవి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టేదాన్ని. ఏ పనీ సరిగా చెయ్యలేదని ఇంట్లో ఒకమాట, కొట్టులో ఒకమాట. రెండూ నిజమే.

ఇంత ఎందుకంటే, సంఘంలో కుట్టు నేర్పే టీచరమ్మ ఆ ఏడాది మానేసి పోతోంది. ఏడో తరగతి పాసైతే ఆ పని నాకే ఇస్తానని సంఘం పెద్దావిడ మాట ఇచ్చింది. నెల జీతం. పాపను వెంట తీసుకుపోవచ్చు. గుడ్డ నేనే కత్తిరించవచ్చు. బడికి పోకుండా బయటి నుంచి పరీక్షకు కట్టాను. ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు వద్దనలేదు. "రాసుకో, ఎవురు వద్దన్నారు," అంది. ఆ మాట నేను నమ్మాను.

పరీక్ష రేపనగా పుంగనూరు నుంచి అత్తగారి చెల్లెలు వచ్చింది. నాకు చిన్నత్త. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని దిగింది. చంకలో పాపతో వాళ్ళకు పులిహోర కలిపి ఆకుల్లో పొట్లాలు కట్టాను. కొండ ఎప్పుడు దిగుతారని అడిగాను.

"దర్శనమయినాక నేరుగా ఊరికే, మే. కొండ దిగి ఇంగొకరింట్లో కాలు పెడితే పుణ్యమంతా వాళ్ళకే పోతాది," అంది చిన్నత్త.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అందరూ బస్సెక్కాక పాఠాలన్నీ ఇంకోసారి తిరగేశాను.

మరునాడు పొద్దున్నే వంట ముగించి, పాపకు పాలిచ్చి, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, వీధి మొదట్లో గుండ్లు కనిపించాయి. చందనం పూసిన గుండ్లు, పెద్దవీ చిన్నవీ, మా ఇంటివైపే వస్తున్నాయి. నా మొహం చూసి చిన్నత్త నవ్వింది.

"మొదటి బస్సుకే దిగేసినాం. అక్క ఇల్లు పరాయి ఇల్లా? పుణ్యం ఈడ వదిలేసినా మనోళ్ళకే గదా."

లడ్లు, పులిహోర తిని తిని నోరు చప్పబడిందట. వేడన్నం, కారంగా పచ్చిపులుసు అయితే చాలన్నారు. నేను అత్తగారి దగ్గరికి పోయి, పరీక్ష ఉందని మెల్లగా చెప్పాను. చిన్నత్త మొగుడు విన్నాడు. "పరీక్షా? మా వదిన పెట్టేవి చాల్లేదా ఈ అమ్మికి?" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలిని కాబట్టి నేనూ నవ్వాను.

"కొండ దిగొచ్చినోళ్ళని వాకిట్లో పెట్టి పోతావా, మే? దేవుడు సూస్తా ఉండాడు," అంది అత్తగారు. "పరీక్ష యాడికీ పోదులే. అన్నం పడేసి పో."

మా ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. టైముంది కదా, తొందరగా చేసెయ్ అని చెప్పి తన పనికి పోయాడు.

చేశాను. మొదట మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత ఆడవాళ్ళు. చివరికి అడుగు గీకి చూస్తే అత్తగారికి అన్నం లేదు. ఆమె గోడకు ఆనుకుని, నాకేం తొందర లేదు, నువ్వు పో అంది. అక్కడ చిన్నత్త, ఆమె కూతుళ్ళు అందరూ నన్నే చూస్తున్నారు. మళ్ళీ బియ్యం కడిగాను.

బడి గేటు దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అరగంట దాటాక ఎవరినీ పంపకూడదని ప్యూను చెప్పాడు. మంచిగానే చెప్పాడు. కిటికీల్లోంచి వంచిన తలలు కనిపిస్తున్నాయి, అన్నీ చిన్నపిల్లల తలలు. లోపలి నుంచి ఒక అయ్యవారు వచ్చి, తెలుగు పరీక్ష పోతే మిగిలినవి రాసినా లాభం లేదమ్మా, వచ్చే ఏడాది అన్నీ మళ్ళీ రాయాల్సిందేనన్నాడు. వచ్చే ఏటి దాకా సంఘంవాళ్ళు ఆగరని నాకు తెలుసు.

ఇంటికి వస్తే చుట్టాలు చాపల మీద నిద్రపోతున్నారు.

"అప్పుడే అయిపోయిందా?" అంది అత్తగారు.

"అయిపోయినాది అత్తా," అన్నాను.

సాయంత్రం చిన్నత్త లేచి, ఎలాగూ ఆగాం కదా, తెల్లారి చంద్రగిరి కోట చూసి పోతాం, పెందలాడే చిత్రాన్నం కట్టివ్వమంది.

మరునాడు పొద్దున లేచాను. పొయ్యి వెలిగించలేదు. పాపకు కడుపునిండా పాలిచ్చి అత్తగారి పక్కలో పడుకోబెట్టాను. ఆమె కళ్ళు తెరిచి చూసింది. నేను చీర సర్దుకుని వాకిలి దాటాను. ఇంకా తెరవని గేటు ముందు అందరికంటే ముందు నిలబడ్డాను. ఆ రోజు లెక్కల పరీక్ష. వెనక బెంచీలో, పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఎవరికీ పనికిరాని పరీక్ష అని తెలిసే, ఇచ్చిన లెక్కలన్నీ చేశాను. సగం అయ్యేసరికి పాప పాలవేళ అయింది. రవిక తడిసింది. పమిట కప్పుకుని, గంట కొట్టేదాకా రాశాను.