గోడకు ఒరగనియ్యని నడుం

మా ఇంట్ల మగ్గానికున్న మర్యాద మనుషులకు లేకుండె. దాని ముందల కాళ్లు సాపొద్దు, తుమ్మొద్దు, ఆవులించొద్దు. ఇగ నెలకు మూడు దినాలు బయటుండే ఆడపిల్ల సంగతి చెప్పేదేముంది? మగ్గమున్న అర్రకే కాదు, గా అర్ర గోడకు సుత వీపు తగలొద్దు. ఆనితే మైల గోడలకెళ్లి మగ్గానికి పోతదట, పోగులన్నీ పుటుక్కున తెగుతయట. తీగలల్ల కరెంటు పోవుడు అందరం చూసినం గని, మట్టిగోడల మైల పోవుడు మా బాపమ్మకొక్కదానికే కనవడుతుండె. బాపమ్మంటే మా బాపు తల్లి, నాకు నాయినమ్మ. మా ఇంటి సర్కారు.

సిరిసిల్లల గప్పటికే మరమగ్గాలు దడదడలాడుతున్నయి. మా బాపుది ఇంకా గుంటమగ్గమే. నేను ఏడో తరగతిల బడి బందువెట్టిన. నెలకోసారి నొప్పితోని ఇంటికాడ ఉంటే, సారు అందరి ముందల నిలవెట్టి "ఎందుకు రాలే?" అని అడిగేటోడు. జవాబు తెల్వక బడి మానినోళ్లు ఊరినిండ ఉన్నరు. నేను జవాబు తెలిసి మానిన.

ఇంటికాడ నా పని రాట్నం ముందల కూసొని కండెలు చుట్టుడు. గా పనికి నడుం నిటారుగనే ఉంటుండె. బయటున్న మూడు దినాలు మాత్రం నూలు ముట్టొద్దు. అట్లని ఉత్తగ కూసునుడు మా ఇంట్ల లేదు. "బీడీలు చెయ్యి, తంబాకుకు మైల లేదు" అనేది బాపమ్మ. ఇంటెనుక మగ్గం అర్ర గోడకు మూరెడు ఎడంగ గోనెసంచి పరిచి, ఒళ్లె చాట పెట్టుకొని, ఆకు కత్తిరించుడు, చుట్టుడు, దారం కట్టుడు. మెడ వంగె, వీపు వంగె, కడుపు మడత వడె. లోపల ఎవరో తడిబట్ట పిండినట్టు పిండేది. నొప్పి లేని దినాలల్ల నిటారుగ కూసునుడు, నొప్పి ఉన్న దినాలల్లనే వంగి కూసునుడు. ఇసొంటి ఉపాయం ఎవరికి తట్టిందో గని, దొరికితే వాళ్ల ఒళ్లె చాట పెడుదునని ఉండె.

నడుస్తే సుత బాధే. "ఏందే గా ఎద ఇరుసుకొని నడుసుడు? భుజాలు ముడుచుకో" అని వెనుకకెళ్లి బాపమ్మ కేక. కూసున్నా వంగుడే, నడిచినా వంగుడే. పదారేండ్లకే నేను పుస్తకంల ప్రశ్న గుర్తు లెక్క అయిన. గా ప్రశ్నను ఎవ్వరూ అడిగింది లేదు, జవాబు చెప్పింది లేదు.

ఒకసారి మరీ కండ్లు తిరిగి పడితే అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, నన్ను జగిత్యాల డాక్టరుకాడికి తీస్కపోయింది. బస్సు సీటుకు వీపు ఆనించి కూసున్న. గసొంటి దినాలల్ల నా వీపుకు ఏదన్న ఆనుడు గదే మొదటిసారి. మల్యాల వచ్చేటాల్లకు కడుపుల పిండే చేతులు జర సడలినయి. నొప్పి పోలే. సడలింది, అంతే. గదే నాకు పండుగ లెక్కుండె.

డాక్టరు నా దిక్కు చూడలే. అవ్వను చూసి, "పెండ్లి చెయ్యుండ్రి, అదే పోతది" అన్నడు.

"మా అవ్వకు పెండ్లయింది గద సారు," అన్న నేను. "ఆమె సుత నెలనెలా నడుం పట్టుకొనే తిరుగుతది. ఆమెకు మళ్ల చెయ్యాల్నా?"

అవ్వ నా తొడ గిచ్చింది. డాక్టరు ఎర్ర గోలీలు రాసిచ్చి, "గీ పిల్లకు నోటికి సుత మందు కావాలె" అన్నడు.

గాడికెళ్లి కోరుట్లకు పోయి, గా పొద్దు చిన్నమ్మ ఇంటికాడ ఆగినం. గాడ అరుగు మీద ఆడోళ్లంతా వరుసగ బీడీలు చేస్తున్నరు, అందరి వీపులు గోడకే. చిన్నమ్మ సుత బయటున్నదట, ఆమె సుత గోడకే.

"గోడకు ఒరుగుతున్నవేంది చిన్నమ్మా?"

"ఒరగనీకి కాకపోతే గోడ దేనికే?"

"మరి మైల?"

"మా ఇంట్ల మగ్గం లేదు గదనే పిచ్చిదానా!"

నేను సుత ఒక చాట ఒళ్లె పెట్టుకొని ఆమె పక్కకు పోయి ఒరిగిన. సాయంత్రం దాక చాట దించలే. ఇంటికచ్చి బాపమ్మకు గిదంతా చెప్పి, "నాకు గోడ కావాలె" అన్న. "కోరుట్ల గోడలు కోరుట్లయి, మన గోడ మనది" అన్నది బాపమ్మ. కచేరీల తీర్పు చెప్పినట్టు.

కొన్నాళ్లకు ఒక పొద్దుగాల లేచి చూస్తే, ఇంటెనుక మా గోడ మీద ఎర్రటి అక్షరాలు. రాత్రి అన్నలు, గదే నక్సలైట్లు, వచ్చి రాసిపోయిండ్రు. మరునాడు పోలీసోళ్లు వచ్చి బాపును నాలుగు మాటలని, సున్నం కొట్టిపిచ్చిండ్రు. బాపు అన్నలేమంటరోనన్న భయానికి పల్చగ, బంక కలుపకుంట, ఒక్క చేయి కొట్టిండు. గోడ మీద అందరి చేతులు పడ్డయి. రాసినోళ్లను తానం చేసి వచ్చిండ్రా అని బాపమ్మ అడుగలే. తుడిపిచ్చినోళ్లనూ అడుగలే. నా వీపు ఒక్కటే ఆ గోడకు పనికిరాదు.

గా వారంలనే నేను బయటున్న. నొప్పితోని పండ్లు గిట్టకరుచుకొని కూసున్న. బాపమ్మ లోపలికి పోవుడు చూసి గోనెసంచి జరుపుకొని ఒరిగిన. అబ్బ! పొద్దంతా ఒరిగిన. ఒక్క పోగు తెగలే. తెగితే ఇల్లంతా వినవడేటట్టు బాపు తిట్టేటోడే.

మరునాడు ఎస్సై మళ్ల వచ్చిండు, గోడ చూసిపోనీకి. నడిమిట్ల, సరిగ్గ నా వీపంత మేర సున్నం రాలిపోయి, ఎర్ర అక్షరాలు తొంగిచూస్తున్నయి.

"ఎవడు తుడిచిండు బే?" అని బాపు మీదికి లాఠీ లేపిండు.

బాపు తలకు చేతులు అడ్డం పెట్టుకుండు. అవ్వ ఏడుపందుకుంది. నేను నడుం పట్టుకొని లేచి, ఎస్సై దిక్కు వీపు తిప్పిన. నిన్నటి జాకెట్టే, నిండ సున్నం.

"నేను ఒరిగిన సారు. నడుం నొచ్చి."

"నడుం నొస్తే ఇంట్ల పండుకోరాదు?"

జవాబు నాకాడ ఉన్నది. మా సారుకు చెప్పని జవాబే. ఈసారి నా కంటే ముందు బాపమ్మ నోరు తెరిచింది. "పిల్ల బయటుంది సారు! జర దూరం జరుగుండ్రి."

ఎస్సై ఎన్కకు జరిగిండు. నడుముకు తుపాకి ఉన్న మనిషి, ఒంగిపోయిన ఆడపిల్లకు భయపడి జరిగిండు. "మళ్ల సున్నం కొట్టు" అని బాపుకు దూరం నుంచే చెప్పి, జీపెక్కిండు.

బాపమ్మ చానాసేపు ఆ జీపు పోయిన తొవ్వనే చూసింది. అటెన్క నా గోనెసంచి తనే గోడ మొదట్లకు జరిపింది.

"ఇగ గీ గోడకే ఒరిగి కూసో. ఎవ్వడు రాడు."

"మరి మగ్గం?"

"మగ్గం సంగతి నేను చూసుకుంట. పసుపునీళ్లు చల్లుత."

"నెలకు మూడు దినాలే గద బాపమ్మా. మిగిలిన దినాలు గోడను ఎవలు కాయాలె?"

"వానికి లెక్క ఎరుకనా? ఎప్పుడచ్చినా నువ్వు గాడనే ఉండు!"

నొప్పి అని ఏండ్లు మొత్తుకుంటే దొరకని గోడ, పోలీసోడు ఎన్కకు జరిగితే దొరికింది. సంబురపడాల్నో, తల గోడకు కొట్టుకోవాల్నో తెల్వలే. రెండిటికీ గోడైతే ఉన్నది. ఒరిగి కూసొని బీడీలు చేసిన. నడుం ఎట్లుందని మా ఇంట్ల ఎవ్వరూ అడుగలే. పొద్దూకంగ బాపమ్మ మాత్రం తలుపుకాడికచ్చి అడిగేది.

"ఎవడన్న అచ్చిండానే?"