కదలని ఈక

ఒటిలియా ఈకను నోటితో ఊదేదట. కొండమీది మరియమ్మ గుడి పడగొట్టిన ఏడాది తిరక్కుండానే ఊళ్ళో ఎవరి నోట విన్నా అదే మాట.

చచ్చి పుట్టిన పసికందులను ఆ గుడికి తెచ్చేవారు. కుంపటి దగ్గర బిడ్డను వెచ్చబెట్టి, పెదవుల మీద బాతు ఈక పెట్టడం ఒటిలియా పని. ఈక కదిలితే ప్రాణం వచ్చినట్టే. పాదిరి వెంటనే నీళ్ళు పోసి, బాప్తిస్మమిచ్చి పేరు పెట్టేవాడు. ఆ వెంటనే ప్రాణం పోయినా బిడ్డకు సమాధుల తోటలో చోటు, స్వర్గంలో చోటు. ఈక కదలకపోతే పేరు లేదు. తోట గోడ అవతల గొయ్యి.

తరవాత ఊరిని ఏలే నగరం పెద్దలు, మహిమలూ మాత గుళ్ళూ వద్దనే కొత్త క్రైస్తవ మతం పుచ్చుకున్నారు. గుడి రాళ్ళు ఎవరి పశువుల కొట్టానికో పోయాయి. పాదిరి ఆరె నది దాటి వెళ్ళిపోయాడు. ఒటిలియా మిగిలింది.

ఊరి రొట్టెల పొయ్యి దగ్గర కుంగోల్డ్ ఆమెను చూడగానే తట్ట అడ్డం పెట్టుకునేది.

"అటు తిరిగి దగ్గు తల్లీ! నీ ఊపిరి తగిలి నా పిండిముద్ద లేచి నడిచిపోగలదు."

ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఒటిలియా తన రొట్టె తీసుకుని వచ్చేసేది.

ఒక ఉదయం తోళ్ళు శుద్ధిచేసే రూడి భార్య వెరేనా గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. మూడు రోజుల నొప్పుల తరవాత చచ్చి పుట్టిన ఆడపిల్ల ఆమె ఒడిగుడ్డలో ఉంది.

"అక్కా, ఒక్కసారి."

"గుడి లేదు కదే. పాదిరీ లేడు."

"పొయ్యి ఉంది, ఈక ఉంది. నీళ్ళు నేను పోస్తాను. ప్రాణం కనిపిస్తే ఎవరు పోసినా చెల్లుతుందని నువ్వేగా అనేదానివి."

ఒటిలియా పొయ్యి రాజేసింది. ఎప్పటిలాగే ముక్కూ నోరూ మూసి గుడ్డ కట్టుకుని, బిడ్డ పెదవుల మీద ఈక పెట్టింది. ఆ పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. చాలాసేపు గడిచింది.

"ఆ గుడ్డ తీసెయ్యి," అంది వెరేనా.

"ఎందుకు?"

"ఊదు. ఎలాగూ అందరూ అంటున్నారు. ఇప్పటిదాకా ఊదకపోతే ఇవాళ మొదలుపెట్టు. ఇంత చిన్న గాలి దేవుడికేం తెలుస్తుంది?"

ఒటిలియా చెయ్యి మెడ వెనక ముడి దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"తెలుస్తుందే," అంది.

మధ్యాహ్నం అయినా ఈక కదల్లేదు. కబురు అందుకుని కొత్త మతం బోధకుడు వచ్చాడు. చిన్నవాడు, మంచివాడు.

"నీళ్ళలో ఏమీ లేదమ్మా. నమ్మినవాళ్ళ బిడ్డ దేవుడి బిడ్డే. లోపల తోటలోనే పూడ్చుకోండి, అడ్డేమీ లేదు."

"పేరు?" అంది వెరేనా.

"బాప్తిస్మం లేకుండా మా పుస్తకంలో పేరు రాయమమ్మా."

"మరి పైకి వెళ్ళాక నేను దాన్ని ఏమని పిలవాలి?"

అప్పుడు ఒటిలియా అడిగింది.

"నీళ్ళతో పనిలేకపోతే, అయ్యా, గోడ అవతల ఉన్నవాళ్ళను లోపలికి తెద్దామా?"

"ఎందుకమ్మా? నేలంతా దేవుడిదే. ఇటైతేనేం, అటైతేనేం?"

"ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు," అంది ఒటిలియా.

వెరేనా బిడ్డను ఎత్తుకుంది. గుమ్మంలో వెనక్కి తిరిగి, "పరాయివాళ్ళకు ఊదావు. నాకు ఊదలేదు," అనేసి వెళ్ళిపోయింది. మర్నాటికి పొయ్యి దగ్గర మాట మారింది: ఒటిలియా తనకు నచ్చినవాళ్ళ బిడ్డలకే ఊదేదట.

పాదిరి చెప్పిన పాత మాట నిజమైతే వెరేనా కూతురికి స్వర్గంలో చోటు లేదు. బోధకుడి కొత్త మాట నిజమైతే గోడ అవతలివాళ్ళను ఊరికే బయట పడేశారు. ఎటు తిప్పి చూసినా ఒటిలియాకు మూడో దారి దొరకలేదు.

ఆమె పనిచేసిన పదకొండేళ్ళలో ఈక కదలక గోడ అవతలికి పోయినవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళలో ఇద్దరు ఒటిలియా కడుపున పుట్టినవాళ్ళు.