కుండూబాబు గిడ్డంగిలో కాగితపు ఎలుకలు

బెంగాల్లో తారకేశ్వర్ దగ్గర కుండూబాబు కోల్డ్ స్టోరేజీలో ఎలుకలు ఒక్క ఏడాదిలో వంద లారీల ఆలుగడ్డలు తిన్నాయి. తిన్నందుకు ఆడిటరు చేత సంతకం కూడా పెట్టించుకున్నాయి. సరే, వంద కాదు లెండి, పాతికో ముప్ఫయ్యో. ఎలుకలు కూడా అసలువి కావు. సంతకం మాత్రం అసలుదే.

ఆ ఎలుకలను పుట్టించినవాడు కంపెనీ పెద్ద గుమస్తా నిమాయి సాంత్రా. మొదటిసారి కరెంటు ఇన్‌స్పెక్టరు 'ఛా-పానీ' పుచ్చుకుని వెళ్లినప్పుడు, ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో నిమాయికి పాలుపోలేదు. లంచానికి రసీదు ఎవరిస్తారు? ఎలుకలూ ఇవ్వవు కదా అని, 'ఎలుకలు తిన్న సరుకు' కింద రాశాడు. తర్వాత తూనికలవారు వచ్చారు, అగ్నిమాపకంవారు వచ్చారు. వచ్చినవారు వచ్చినట్టే ఎలుకలకు సంసారాలు పెరిగాయి. కాగితం మీద వాటి బెడద చూసి ఆరోగ్యశాఖ ఆయన తనిఖీకి దిగాడు. ఒక్క ఎలుకా కనబడలేదు. ఆయన వాటా కూడా ఎలుకల పద్దులోకే పోయింది.

ఏటా కలకత్తా నుంచి వచ్చే ఆడిటరు ఆవపెట్టిన ఇలిష చేప కూర తిని, చెయ్యి కడుక్కుని, సంతకం పెట్టి వెళ్లేవాడు.

ఆ ఏడు గిడ్డంగి చల్లబరిచే యంత్రం మూలపడేలా ఉంది. ఫాల్గుణంలో పంట వచ్చేలోగా కొత్తది బిగించకపోతే గిడ్డంగి తెరుచుకోదు. హమాలీలతో పాటు నిమాయి కూడా ఇంటికే. బ్యాంకు అప్పు ఒక్కటే దారి. బ్యాంకు అధికారిణి సుదేష్ణా రక్షిత్ వచ్చి వార్షిక నివేదిక తిరగేసింది.

"సాంత్రాబాబూ, ఇన్ని ఎలుకలున్నచోట మిషనెందుకండీ? పిల్లుల్ని కొనుక్కోండి."

"పాత గోడలు కదా మేడమ్," అన్నాడు కుండూబాబు. "నిమాయీ, చెప్పవయ్యా!"

నిమాయి గోడల సంగతే చెబుదామనుకున్నాడు. ఎందుకో ఆ పూట అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది.

"ఎలుకలు లేవమ్మా."

"మరి తిన్నదెవరు?"

"మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, టీ తాగి వెళ్లినవాళ్లు. వాళ్లు తిన్నది తీసేస్తే మాది మంచి లాభాల్లో ఉన్న కంపెనీ."

కుండూబాబు బల్లకింద ఆయన కాలు తొక్కాడు.

ఆమె నవ్వలేదు. "ఈ మాట రాసిస్తారా?"

రాసిస్తే ముందు జైలుకెళ్లేది యజమాని, వెనకే తను. "రాయలేనమ్మా."

"అయితే నేను ఎలుకల్నే నమ్మాలి. ఎలుకలకి అప్పివ్వలేను," అని లేచి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా అప్పు వచ్చింది. కుండూబాబు ఆమె పైఅధికారితో మాట్లాడుకున్నాడు. యంత్రం బిగించారు, గిడ్డంగి తెరిచారు, హమాలీలు బస్తాలు మోశారు.

"పైఅధికారికిచ్చింది ఎందులో రాయను బాబూ?" అని నీరసంగా అడిగాడు నిమాయి.

"మళ్లీ ఎలుకలా? వద్దయ్యా, పరువు పోయింది. ఈసారి 'కుళ్లిన సరుకు' కింద రాయి."

నిమాయి రాశాడు. ఆ ఏటి నివేదిక ప్రకారం ఎలుకల బాధ పూర్తిగా తొలగింది. కొత్త యంత్రం వచ్చాకే సరుకు ఇంతకుముందెన్నడూ లేనంతగా కుళ్లింది. ఆ వాక్యం కలకత్తాలో ఎవరికీ వింతగా తోచలేదు. నిమాయికి కూడా, రాసేటప్పుడు, తోచలేదు. తనకూ తోచలేదన్న సంగతి తట్టినప్పుడు ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు కళ్లు నులుముకున్నాడు.

ఇప్పుడెవరైనా ఈ కథ కదిపితే, నిమాయి మరమరాల గిన్నెలోంచి తలెత్తడు.

"అంతా కల్ల బాబూ. ఆ బ్యాంకామె ఎవరో నాకు తెలీదు. కుండూబాబు దగ్గర నేను ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు."