వంద రాని కూడిక

ఆ రోజు పొద్దున్న నేను చేసిన తప్పు ఇది: ఉన్నది ఉన్నట్టు రాసిన ఒక అమ్మాయి కాగితాన్ని నలుగురి ముందు చింపి చెత్తబుట్టలో వేశాను. కోపంలో చేశానంటే కాస్త మర్యాదగా ఉండేది. నేను సంతోషంలో చేశాను.

ఆ సంతోషం సంగతి చెప్పాలి. గనులు జోరుమీదున్న రోజులవి. బళ్ళారి నుంచి బయటికి వెళ్ళే ఏ రోడ్డు చూసినా లారీలే. చెట్లు, కుక్కలు, ఆరేసిన పంచెలు, అన్నిటిదీ ఒకటే ఎరుపు. ఊరి బయట ఇనుప రాయిని నిల్వచేసే యార్డులో ఒక చిన్న ల్యాబుకు నేను పెద్దని. చదివింది భౌతికశాస్త్రం. చేసేది రాతిపొడిని ఆమ్లంలో కరిగించి, ఇనుమెంతో తేల్చడం. ఐరోపాలో భూమి కింద, సొరంగంలో కట్టిన పెద్ద యంత్రాన్ని మొదలుపెట్టేది ఆ రోజే. అణువుకన్నా చిన్న కణాలను కాంతితో పోటీపడేంత వేగంగా తిప్పి ఢీకొట్టిస్తారు, కొత్తవి ఏమైనా పుడతాయేమో చూస్తారు. టీవీవాళ్ళు మాత్రం భూమిని మింగే బిలం పుడుతుందని ఊదరగొడుతున్నారు. నాకు పెళ్ళిరోజు కూడా అంత హుషారు లేదు. కంటోన్మెంట్‌లోని మా ఇంట్లో అద్దం ముందు ఈలలు వేస్తుంటే, "యంత్రం యాడనో తిరుగుతాంటే నువ్వేంది ఈడ తిరుగుతాండావు?" అంది నా భార్య.

ల్యాబులో పని త్వరగా ముగించి యంత్రం గురించి మాట్లాడాలని నా ఆత్రం. అంతలో కుడతిని నుంచి బస్సులో వచ్చే కొత్త అమ్మాయి తన కాగితం తెచ్చింది. రాతిలోని ఇనుప ఆక్సైడు, సిలికా, అల్యూమినా, కాలిస్తే ఆవిరై పోయేది, అన్నీ కూడితే వంద దగ్గరికి రావాలి. ఆమెకు తొంభై ఆరు వచ్చింది.

"మూడుసార్లు చేసినా సార్. అంతే వస్తాంది."

ఇలాంటప్పుడు మా ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. తగ్గినదాన్ని సిలికాలో కలిపేసి వంద చేసేవాళ్ళం. 'సర్దడం' అనేవాళ్ళం దాన్ని. నాకు ముందున్న పెద్దాయన నాకు నేర్పాడు, నేను అందరికీ నేర్పాను. ఆమె సర్దలేదు.

చింపాను. "కూడిక రానోళ్ళకు ల్యాబెందుకమ్మా? సోమవారం నుంచి కాటా దగ్గరికి పో" అన్నాను, నవ్వుతూనే. కాటా అంటే లారీలను తూచే చోటు. ల్యాబు పని కాబట్టే ఆమె తండ్రి పంపుతున్నాడు. లారీల మధ్య నిలబడాలంటే మాన్పించేస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె సీసాలు కడగడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం టీ వేళకు నా సభ మొదలైంది. రిపోర్టు కోసం వచ్చిన ముసలి డ్రైవరు గడపలోనే అడిగాడు: "ఏం సార్, సాయంత్రానికి భూమి ఉంటాదా, లేదా? ఉండకపోతే ఈ లోడు యాడికని ఏసుకొని పోవల్ల?"

"ఉంటాదిలేప్పా. ఇంతకన్నా గట్టి దెబ్బలు ఆకాశం నుంచి రోజూ తగుల్తానే ఉండాయి భూమికి."

"అట్లయితే లోడు తప్పదంటావు."

నేను బల్ల ఎక్కి కూర్చున్నాను. "మొదట్లో పదార్థమూ, దాని ఎదురు పదార్థమూ సరిసమానంగా పుట్టిండాలప్పా. రెండూ తగిలితే రెండూ మాయం. మరి మనమెట్ల మిగిలినాం? ఎవరికీ తెలీదు!"

"మా ఇంట్లో నేనూ మా ఆడమనిషీ తగిలినా అంతే. మిగిలేది ఆమే."

"ఇంకోటి విను. నక్షత్రాలు తిరిగే తీరు చూస్తే కనపడే బరువు చాలదు. మనకు తెలిసిందంతా కూడినా లోకంలో నూటికి ఐదు పాళ్ళే! మిగతాది ఏందో తెలీదు. ఆ యంత్రంలో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. తెలీదని రాసిపెట్టుకొని ఎతుకుతాండారు చూడు, అదీ గొప్ప!"

వెనక నీళ్ళ చప్పుడు ఆగింది. "అయితే వాళ్ళను కూడా కాటాకు పంపించల్ల కదా సార్" అంది ఆ అమ్మాయి, ఇటు తిరక్కుండానే. "వాళ్ళకు ఐదే వచ్చిండేది. నాకు తొంభై ఆరు."

డ్రైవరు టీ చొక్కా మీద పోసుకున్నాడు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ఆ నవ్వు సగంలో ఎండిపోయింది.

బుట్టలోంచి కాగితం ముక్కలు ఏరాను. ఆ రాయి సండూరు కొండల వైపు నుంచి వచ్చింది. అక్కడ మాంగనీసు ఉంటుందని లారీ క్లీనర్లకు కూడా తెలుసు. మేము దాన్ని ఎన్నడూ వెతకలేదు. మిగిలిన పొడిని కరిగించి, మాంగనీసు ఉంటే రంగు చూపించే మందు వేసి కాచాను. చూస్తుండగానే బీకరంతా వంకాయ రంగు! మాంగనీసే. నా ఒంట్లో మళ్ళీ ఈల మోగింది. బీకరు పట్టుకుని యార్డులోకి పరుగెత్తాను. "బిలం వచ్చెనేమో!" అని ఎవరో లారీ కిందికి దూరారు. మాంగనీసు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాల రంగుతో పోల్చి చూస్తే నూటికి మూడు పాళ్ళకు కొంచెం పైన తేలింది. ఆమె కూడికలో తప్పు లేదు. ఇన్నేళ్ళూ తప్పు కూడింది నేను.

ఆదివారం చర్చిలో అందరితో కలిసి తప్పులు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ గుంపులో నా గొంతు నాకే వినపడదు. ఆ సాయంత్రం, పొద్దున ఉన్న ఆ నలుగురినీ పిలిచి, వాళ్ళ ముందు ఒక్కడినే చెప్పాను: "లెక్క సరిగానే చేసినావమ్మా. సర్దేది నేను. నిన్ను తక్కువ చేసి మాట్లాడినా. తప్పు నాది."

"మిగిలిన ఆ కాస్త ఏంది సార్? ఇంకా వంద రాలా" అంది ఆమె, బీకరు వెలుతురుకు పట్టి చూస్తూ.

"తెలీదు."

"అట్లే రాయండి."

ముక్కలను అట్ట మీద అతికించి, కింద 'మాంగనీసు' అనీ, దాని కింద 'మిగతాది తెలియదు' అనీ రాసి సంతకం పెట్టాను. రిపోర్టుగా అదే పంపాను.

"మరి కాటాకు ఎవరు సార్? కూడిక రానోళ్ళు పోవల్లన్నారు గదా?" అంది ఆ అమ్మాయి.

సోమవారం కాటా దగ్గర నేను నిలబడ్డాను. ల్యాబులో రిపోర్టుల మీద సంతకాలు ఆమెవి. పాత రిజిస్టర్లు ఒళ్ళో పెట్టుకున్నాను. లారీకీ లారీకీ మధ్య, నేను సర్దిన ప్రతి సిలికా అంకె పక్కనా 'సర్దినది, మిగతాది తెలియదు' అని రాసి సంతకం పెడుతూ పోయాను. ముసలి డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, "భూమి ఉండాది సార్!" అని అరిచి వెళ్ళాడు. పొద్దు గుంకేసరికి ఎర్రదుమ్ము పట్టి నేనూ కుక్కల రంగుకు వచ్చాను. ఆ రోజుకు మూడు రిజిస్టర్లు అయ్యాయి.