సరసమ్మ టీచర్ కొలిచిన పాముపడవ

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా నా చేతి మీద పంతొమ్మిది పాముపడవలు, అంటే పోటీల్లో వేసే పొడుగాటి పడవలు, నీళ్లలోకి దిగాయి. ఆరు పోటీలు గెలిచాయి. కలెక్టరు కప్పిన శాలువా ఇంకా పెట్టెలో ఉంది. అంతటి పడవల వడ్రంగిని, ఈ నీలాండన్ ఆశారిని, ఒక పంతులమ్మ సుద్దముక్కతో ఓడించింది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడ గురించే.

సరసమ్మ టీచర్ మా పడవల పాక పక్కనున్న బడిలో ఇరవై ఆరేళ్లు నాలుగో తరగతికి చెప్పింది. పొట్టి మనిషి. కాలవ అవతలి నుంచి దోనెలో వచ్చేది, తెడ్డు తనే వేసుకుంటూ. ఆవిడ చీర కుచ్చిళ్లు ఆరగా నేను చూడలేదు.

అది నా పదిహేనో పడవ. పోటీకి ఇరవై రెండు రోజులుంది. పై అంచుకి ఒక్కో పక్కన పదమూడు పలకలు, ఒక్కోటి నాలుగు కోలుల పొడవు. మా లెక్కలో ఎనిమిది యవలు ఒక అంగుళం, ఇరవై నాలుగు అంగుళాలు ఒక కోలు, అంటే మా కొలకర్ర పొడవు. కుడివైపు పలకలు నేను కోశాను, మా నాన్న ఇచ్చిన కోలుతో. ఎడమవైపువి మా చెల్లెలి మొగుడు కుట్టప్పన్ కోశాడు, తను కొత్తగా చేసుకున్న కోలుతో. మేకులు కొట్టేముందు రెండు వరసలూ నేల మీద పరిచాం. చివర చూద్దును కదా, ఎడమ వరస జానెడుకు కాస్త తక్కువగా ముందుకు పోయింది! 

"ఏం కోశావురా! కళ్లు కల్లు దుకాణంలో పెట్టొచ్చావా?" అని అరిచాను.

"నాలుగు కోలులంటే నాలుగు కోలులే కోశాను బావా. కావాలంటే మళ్లీ కొలువు."

"పద్నాలుగు పడవలు దించినవాడికి కొలవడం నేర్పుతావా? పనిముట్లు సర్దుకో. ఇక నా పాకలో అడుగు పెట్టకు."

అతను ఉలులు సంచిలో వేసుకోసాగాడు. నా పాకలోంచి గెంటేసినవాడికి ఆ కాలవల్లో ఇంకెవరూ పనివ్వరు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నా అరుపులు బడిదాకా వినిపించాయి. టీచర్ ముప్పై ఒక్క మంది పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"పెద్దాశారీ, మా పిల్లలకి ఈ వారం అరలూ పావులూ పాఠం. మీ పలకలు కొలుచుకోనివ్వండి. అతన్ని పంపడం ఆ తర్వాతే కానివ్వండి."

"కొలుచుకోండి. వాడి తప్పు పిల్లలే చెబుతారు," అన్నాను.

ఆవిడ సుద్దముక్కతో నేల మీద పొడుగ్గా గీత గీసి, అంగుళాలూ యవలూ గుర్తులు పెట్టింది. పిల్లలు బడి కొలబద్దతో ఒక్కో పలకా కొలిచి, ఎంతొస్తే ఆ అంకె మీద ఒక ఇంటూ గుర్తు వేశారు. కుట్టప్పన్ పలకల ఇంటూలు పదమూడూ తొంభై ఆరు అంగుళాల మీద, అంటే సరిగ్గా నాలుగు కోలుల మీద, దొంతరగా నిలబడ్డాయి. నావి తొమ్మిదేమో తొంభై ఐదున్నర మీద. రెండు దానికి ఒక యవ ఇటు, రెండు ఒక యవ అటు.

"తొంభై ఆరుకి నావి ఒక్కటీ రాలేదా!" అన్నాను.

"తగ్గినవి కూడండి," అంది టీచర్.

ఒక బక్కపిల్ల వేళ్లు మడిచింది. "తొమ్మిది అరలు నాలుగున్నర. ఐదు యవలు రెండుసార్లు, మూడు యవలు రెండుసార్లు, మొత్తం పదహారు యవలు. అంటే రెండు అంగుళాలు. ఆరున్నర టీచర్!"

కుట్టప్పన్ వరస ముందుకు పోయిందీ సరిగ్గా ఆరున్నర అంగుళాలే. 

"మీ బడి కొలబద్దే తప్పు!" అన్నాను.

"అలాగా? అటూ ఇటూ పోయిన నాలుగూ చేతి వణుకు. తొమ్మిది ఒకేచోట నిలబడ్డాయంటే మాత్రం అది చెయ్యి కాదు పెద్దాశారీ. నాలుగు కోలులకి అర అంగుళం తక్కువ, అంటే కోలుకి ఒక యవ."

పాక దూలం మీద మా తాత చెక్కిన రెండు గాట్లున్నాయి, సరిగ్గా కోలు దూరంలో. కుట్టప్పన్ తన కోలు పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. నా కోలు పెట్టాను. కొన దగ్గర సందు! కళ్లు నులుముకుని మళ్లీ పెట్టాను. సందు అలాగే ఉంది.

"కొన ఇలా తెల్లగా ఉందేం?" అంది టీచర్.

"అది మా ఇంటి ఆనవాయితీ. పడవ దించేరోజు కోలు కొన నుంచి కాగితమంత పొర చెక్కి, పడవ వెనక ఎత్తుగా లేచే కొమ్ము ఇత్తడిరేకు కింద పెడతాం. నాన్న ఇరవై పడవలు, నేను పద్నా..."

 టీచర్ ఒక పిల్లాడి నోటుపుస్తకం తీసుకుని, ముప్పై నాలుగు కాగితాలు లెక్కపెట్టి సందులోకి తోసింది. సందు పూడిపోయింది. ఇంకొక్క కాగితం పట్టలేదు.

 దూలం పట్టుకుని నిలబడ్డాను. మా ముప్పై నాలుగు పడవలే నా కోలుని తినేశాయి!

అప్పటికే కుట్టప్పన్ సంచి భుజానికెత్తుకుని గుమ్మందాకా వెళ్లిపోయాడు.

"కుట్టప్పా, ఆగు. తప్పు నాది," అన్నాను, పాకంతా వినేలా. "నా వైపు ఆఖరి పలక మళ్లీ కొయ్యి, ఆరున్నర పొడుగ్గా. నీ కోలుతోనే."

"పేరు మాత్రం నీదే పడుతుందిగా బావా," అని సంచి దించాడు.

పడవ పంతొమ్మిదో రోజున నీళ్లలోకి దిగింది, కొమ్ము రేకు కింద పొర లేకుండానే. నా కోలు టీచర్ అడిగి తీసుకుంది. ఏటా నాలుగో తరగతి పిల్లలు దాన్ని కొలిచి, బడి గోడ మీద గీసిన గీతకి ఇంటూలు పెట్టేవారు. ఆవిడ ఉద్యోగం విరమించిన రోజు చూడటానికి వెళ్లాను. ఇరవై మూడు అంగుళాల ఏడు యవల మీద ఇంటూల దొంతర గోడ పైకప్పుదాకా పాకి ఉంది. ఇరవై నాలుగు మీద ఒక్కటి కూడా లేదు.